చూపు తగ్గాక ఒంటరిగా బయటికెళ్ళడం ఎలా: ముందు గుడి, తరవాత ఆఫీసు, ఆ తరవాత పెళ్ళి భోజనం

"అక్కా నువ్వు ఒక్కదానివే ఎలా వెళ్తావు, భయం వెయ్యదా" అని అడిగేవాళ్ళకి విడివిడిగా వాయిస్ మెసేజ్‌లు పెట్టి పెట్టి గొంతు పోయింది, అందుకే ఒక్కసారే కూర్చుని రాసేస్తున్నా. ఇది ఈమధ్య చూపు తగ్గినవాళ్ళకి, తగ్గుతూ ఉన్నవాళ్ళకి. పుట్టినప్పట్నుంచీ చూపు లేనివాళ్ళకి ఇందులో సగం నాకంటే బాగా తెలుసు, వాళ్ళు తప్పులుంటే దిద్దండి.

నా సంగతి రెండు ముక్కల్లో. నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా, ముద్దుగా ఆర్‌పీ. చిన్నప్పుడు రేచీకటి అన్నారు, తరవాత పక్కచూపు పోయింది, ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా కాస్త వెలుగు కనిపిస్తుంది అంతే. వైజాగ్‌లోనే ఉంటాను, గవర్నమెంట్ ఉద్యోగం.

వైద్యం గురించి రాయట్లేదు, ఒక్క మాట మాత్రం. చూపు తగ్గుతోంది అనిపిస్తే ముందు కంటి డాక్టర్ దగ్గరకి వెళ్ళండి. నీటికాసుల్లాంటి వాటిలో పోయిన చూపు రాదు గానీ మందులు వేసుకుంటే ఉన్నది నిలబడుతుంది. మనకి వాల్తేరు వైపు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ ఉంది. వెళ్ళినప్పుడు లో విజన్ విభాగం (మిగిలిన కాస్త చూపుని ఎలా వాడుకోవాలో చూసేది) గురించి కూడా అడగండి, చాలామంది అడగకుండానే వచ్చేస్తారు. ఇక ఆకుపసరుతో ఆర్‌పీ తగ్గిస్తాం అనేవాళ్ళకి మా నాన్న ఇచ్చిన డబ్బుతో ఒక మంచి ఫోను వచ్చేది.

కావలసినవి

మడతపెట్టే తెల్లకర్ర. నిటారుగా నిలబడితే మీ రొమ్ము ఎముక దాకా రావాలి. పొట్టి కర్ర కొంటే గుంత తెలిసేసరికి కాలు అందులోనే ఉంటుంది.

ఆండ్రాయిడ్ ఫోను, ఒక చెవికే పెట్టుకునే ఇయర్‌ఫోను. రెండు చెవులూ ఎప్పుడూ మూసెయ్యొద్దు.

కాస్త చూపు ఉన్నవాళ్ళకి ముందుకి అంచు ఉన్న టోపీ, పసుపు రంగు అద్దాలు. బీచ్ రోడ్డు ఎండలో ఇవి లేకపోతే ఉన్న చూపు కూడా పనిచెయ్యదు.

అడ్డంగా వేసుకునే జిప్పు సంచి, ఎందుకంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

అన్నిటికన్నా కష్టంగా దొరికేది, మొదటి నాలుగైదు సార్లు మీతో నడిచి, మీ చెయ్యి పట్టుకోకుండా నోరు మూసుకుని ఉండగలిగే మనిషి. అమ్మలు దీనికి పనికిరారు. నాకు మా పిన్ని కొడుకు దొరికాడు, ఇంటర్ చదివేవాడు, నా వెనకాల పది అడుగుల దూరంలో ఫోన్ చూసుకుంటూ వచ్చేవాడు. అదే కావాలి.

1. ఫోన్‌తో మాట్లాడించండి

సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి, స్క్రీన్ మీద ఉన్నది పైకి చదివే టాక్‌బ్యాక్ ఆన్ చెయ్యాలి. చాలా ఫోన్లలో రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కినా ఆన్ అవుద్ది. వేలు కుడికి జరిపితే తరవాతది చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుస్తుంది. మొదటి వారం ఈ రెండే చాలు, మిగతావి ఇప్పుడే నేర్చుకోకండి. గూగుల్ స్పీచ్‌లో తెలుగు గొంతు దించుకోండి, లేకపోతే తెలుగు మెసేజ్‌లు వదిలేసి చదువుద్ది.

అందరూ చేసే తప్పు, కాస్త చూపు ఉన్నంతకాలం అక్షరాలు పెద్దవి చేసుకుంటూ పోవడం. నేనూ అదే చేశా, చివరికి స్క్రీన్ మీద మూడు అక్షరాలు పట్టేవి, ఒక మెసేజ్ చదివితే తలనొప్పి. అవసరం రాకముందే నేర్చుకోండి. ఇంకో తప్పు, బస్సులో స్పీకర్ మీద ఓటీపీ చదివించడం. పక్కనవాళ్ళంతా వింటారు, ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, టాక్‌బ్యాక్ మెనూలో స్క్రీన్ కనిపించకుండా చేసే ఆప్షన్ కూడా ఉంది, అదీ వాడండి.

నేర్చుకున్నారో లేదో చూడాలంటే కళ్ళకి తువ్వాలు కట్టుకుని ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేసి, వాట్సాప్‌లో లొకేషన్ పంపించండి. రెండు నిమిషాల్లో అయిపోతే తరవాతి మెట్టు.

2. కాయితాలు

ఇది విసుగు పని, త్వరగా చెప్పేస్తా. సచివాలయంలో గానీ మీసేవలో గానీ సదరం (వైకల్యం ఎంత శాతమో తేల్చే పరీక్ష) స్లాట్ బుక్ చేసుకుని, సర్టిఫికెట్ వచ్చాక యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు తీసుకోండి. "నాకు ఇంకా కాస్త కనిపిస్తోంది కదా" అని ఆగేవాళ్ళు చాలామంది. పూర్తిగా పోనవసరం లేదు, 40 శాతం దగ్గర్నుంచే లెక్కలోకి వస్తారు. అది లేకపోతే ఉద్యోగాల్లో చూపు సమస్య ఉన్నవాళ్ళకి ఉండే 1 శాతం రిజర్వేషన్ లేదు, పరీక్షల్లో గంటకి 20 నిమిషాల అదనపు టైమ్ లేదు, రైలు రాయితీ లేదు, పెన్షన్ లేదు. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా సర్టిఫికెట్‌లో ఒకలా ఉంటే ముందే సరిచేయించండి, పరీక్ష హాలు గేటు దగ్గర తెలిస్తే ఏడుపే. పరీక్షలో మన బదులు రాసిపెట్టేవాళ్ళ విషయంలో రూల్స్ మారుతుంటాయి, ప్రతిసారీ కొత్త నోటిఫికేషన్ మొత్తం చదివించుకోండి.

3. మొదటి దారి ఎంచుకోండి, ఆఫీసు వద్దు

ఇక్కడే అందరూ నాతో వాదిస్తారు. జీతం ఆఫీసులో వస్తుంది కాబట్టి ముందు ఆఫీసు దారి నేర్చుకోవాలి అంటారు. నేనూ అలాగే మొదలెట్టా. టైమ్‌కి వెళ్ళాలన్న హడావిడి, ఆలస్యమైతే పైవాళ్ళ మాటలు, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అన్న సిగ్గు, ఈ మూడూ కర్ర కన్నా బరువు. మూడో రోజు ఒక స్కూటర్ హ్యాండిల్ పక్కటెముకల్లో దిగింది, రెండు నెలలు మళ్ళీ బయటికి రాలేదు.

ఆలస్యమైనా ఎవరూ అడగని చోటు, మీరు ఇష్టపడి వెళ్ళే చోటు ఎంచుకోండి. నాకది బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి. ఎందుకో చెప్తా. అమ్మవారికి పైకప్పు లేదు, ఆరుబయటే ఉంటుంది, భక్తులే స్వయంగా పసుపు కుంకుమలు పెట్టి పాలు పోసి పూజ చేసుకోవచ్చు. వేరే గుళ్ళలో గర్భగుడి దూరంగా చీకట్లో ఉంటే హారతి వెలుగు ఎటుందో వెతుక్కుంటూ నిలబడి బయటికొచ్చేదాన్ని, పక్కనావిడ "బాగా కనబడిందా అమ్మా" అనడిగితే అబద్ధం చెప్పేదాన్ని. ఇక్కడ నా చేతులకి అమ్మవారి పాదాలు తెలిశాయి. ఇంకేం కావాలి.

మీకు చర్చి అయితే చర్చి. రాస్ హిల్ మీద మేరీమాత చర్చి దారి ఎక్కుడుగా ఉంటుంది కాబట్టి తప్పిపోవడం తక్కువ, పైకి వెళ్తున్నారంటే దారిలోనే ఉన్నట్టు. ఆ పక్క కొండ మీద దర్గా ఉంది, ఇంకో కొండ మీద వెంకటేశ్వరస్వామి. దేవుడు వద్దంటారా, ఆర్కే బీచ్‌లో టీ బండి పెట్టుకోండి గమ్యంగా. ఒకటే షరతు, ఇంటినుంచి ముప్పావుగంటలోపు ఉండాలి, రద్దీ రోజు కాకూడదు. మార్గశిర గురువారాలు అమ్మవారి గుడికీ, అక్షయతృతీయ చందనోత్సవం రోజు సింహాచలానికీ మొదటిసారి ఒంటరిగా వెళ్ళకండి, చూపు బాగా ఉన్నవాళ్ళే నలిగిపోతారు.

4. కర్ర ఇంటి సందులో నేర్చుకోండి

కర్ర పిడి బొడ్డు ఎదురుగా ఉండాలి, మణికట్టు మాత్రమే కదలాలి. ఎడమ కాలు ముందుకి వేసేటప్పుడు కర్ర కుడివైపు తగలాలి, కుడి కాలు వేసేటప్పుడు ఎడమవైపు. అంటే కర్ర ఎప్పుడూ తరవాతి అడుగు పడబోయే చోటు చూసొస్తుంది. వెడల్పు మీ భుజాలకన్నా కాస్త ఎక్కువ, అంతకుమించి ఊపితే పక్కవాళ్ళ కాళ్ళకి తగిలి తిట్లు. మన ఫుట్‌పాత్‌ల మీద పలకలు లేచి ఉంటాయి, కాలవ మీద స్లాబు ఒక్కోచోట మాయమవుద్ది, అందుకే తట్టడం కన్నా కర్ర కొసని నేలకి ఆనించే ఈడ్చడం నయం.

కర్ర నడుము కింద ఉన్నవే చెప్తుంది. ఆటో అద్దం, షాపు ముందు వేలాడే బోర్డు, పార్క్ చేసిన లారీ వెనక భాగం, ఇవి కర్రకి దొరకవు ముఖానికే దొరుకుతాయి. అలాంటి చోట రెండో చేతిని మడిచి ముఖానికి ఎదురుగా జానెడు దూరంలో పెట్టుకోండి. ఐఐటీ ఢిల్లీవాళ్ళ స్మార్ట్‌కేన్ అని ఒకటుంది, ఎదురుగా పైన ఏదైనా ఉంటే పిడి వణుకుతుంది, మంచిదే గానీ మామూలు కర్ర చేతికి అలవాటయ్యాకే.

కర్ర పట్టుకోవడానికి సిగ్గుపడి సంచిలో దాచుకునేవాళ్ళకి ఒక మాట, నేనూ ఏడాది దాచా. ఆ ఏడాదంతా జనం నన్ను తాగినమ్మాయి అనుకున్నారు. కర్ర బయటికి తీశాక తిట్టడం మానేశారు.

5. దారిని ముక్కలు చెయ్యండి

ఒకేరోజు మొత్తం దారి వద్దు. నా దారి నాలుగు ముక్కలు: ఇంటి నుంచి మెయిన్ రోడ్డు, మెయిన్ రోడ్డు దాటడం, బస్సు, టౌన్ కొత్తరోడ్డు దగ్గర దిగి గుడి దాకా. ఒక్కో ముక్క మూడేసి సార్లు మా వాడితో నడిచాను. ప్రతి ముక్కకీ గుర్తులు ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేసుకున్నా. "పిండిమర చప్పుడు ఎడమ చెవిలోకి వచ్చాక ఇరవై అడుగులు, అక్కడ రోడ్డు కిందకి దిగుద్ది, మల్లెపూల వాసన వస్తే మలుపు దాటిపోయావు వెనక్కి రా." ఇలా.

వైజాగ్‌లో మనకున్న అదృష్టం ఎత్తుపల్లాలు. కాళ్ళకి తెలిసిపోతుంది ఎక్కుతున్నామో దిగుతున్నామో. సాయంత్రం సముద్రం గాలి ఏ చెంపకి తగులుతుందో చూసుకుంటే తూర్పు ఎటో తెలిసిపోద్ది, ఎత్తైన అపార్ట్‌మెంట్ల మధ్య అయితే మాత్రం ఆ గాలిని నమ్మొద్దు, ఎటుపడితే అటు తిరుగుద్ది.

జాగ్రత్త, కదిలేవాటిని గుర్తుగా పెట్టుకోవద్దు. కొబ్బరిబోండాల బండి, నిలబెట్టిన ఆటో, రేపు ఉండవు. కదలనివి కూడా ఒక్కోసారి పోతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నాకింకా కాస్త చూపు ఉండేది, చెట్ల నీడ ఒంటి మీద పడటాన్ని బట్టి మా వీధిలో ఎక్కడున్నానో తెలుసుకునేదాన్ని, తెల్లారేసరికి ఆ చెట్లే లేవు, సొంత వీధిలో దారి తప్పా. కాబట్టి ప్రతి మలుపుకీ కనీసం రెండు గుర్తులు, ఒకటి చెవికి ఒకటి కాలికి.

ఒక ముక్క వచ్చేసిందో లేదో ఎలా తెలుస్తుంది? అదే ముక్క తిరుగు దారిలో నడవండి. వెళ్ళడం వచ్చి రావడం రాకపోతే అది ఇంకా రానట్టే. చాలామంది ఈ పరీక్ష చెయ్యరు, గుడికి బాగానే చేరి సాయంత్రం ఇంటికి రాలేక ఫోన్ చేస్తారు.

6. రోడ్డు దాటడం

ఒంటరిగా దాటగలిగినా నేను దాటను. అడుగుతా. ఎలా అడగాలి అన్నది ముఖ్యం. "కొంచెం హెల్ప్ చేస్తారా" అంటే వచ్చి భుజం పట్టి తోస్తారు, లేదా కర్ర పట్టుకుని లాగుతారు, కర్ర లాగితే నా కళ్ళు పీకినట్టే. "అన్నా, అవతలికి వెళ్ళాలి, మీ మోచేయి ఇవ్వండి నేను పట్టుకుంటా" అని పని మొత్తం చెప్పేయండి. మోచేతికి కాస్త పైన పట్టుకుని అర అడుగు వెనక నడిస్తే వాళ్ళ ఒళ్ళు దిగడం ఎక్కడం మీకు ముందే తెలిసిపోతుంది.

ఆడవాళ్ళకి ఇంకో మాట. ఎవరి చెయ్యి ఎక్కడ పడాలో మీరే నిర్ణయించాలి, అందుకే వాళ్ళు మిమ్మల్ని పట్టుకోవడం కాదు మీరు వాళ్ళని పట్టుకోవాలి. నచ్చకపోతే "ఇక్కడ మా అన్నయ్య వస్తున్నాడు, చాలు" అని ఆగిపోండి. లేని అన్నయ్య నన్ను చాలాసార్లు కాపాడాడు.

కరెంటు ఆటోలు, కరెంటు స్కూటర్లు చప్పుడు చెయ్యవు. చప్పుడు లేదు కాబట్టి రోడ్డు ఖాళీ అన్న లెక్క ఇప్పుడు పనికిరాదు. సిగ్నల్ దగ్గర బండ్లు ఆగినా ఎడమవైపు తిరిగే బైకులు ఆగవు, అదీ గుర్తుపెట్టుకోండి.

7. బస్సు

స్టాపులో నిలబడ్డ ఇద్దరికి విడివిడిగా నంబరు చెప్పండి, 28 అయితే 28, 900కే అయితే 900కే. ఒక్కరికే చెప్తే ఆ మనిషి తన బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోతాడు, మీరు గంట నిలబడతారు. బస్సు ఆగాక తలుపు దగ్గర ఇంకోసారి నంబరు అడిగాకే ఎక్కండి.

ఎక్కగానే కండక్టర్‌కి ఎక్కడ దిగాలో చెప్పండి, ముందు వైపు కూర్చోండి. రద్దీలో కండక్టర్ మర్చిపోతారు, అది వాళ్ళ తప్పు కాదు, అందుకని పక్క సీటులో ఉన్నావిడకి కూడా చెప్పి, మ్యాప్స్‌లో ఎక్కడున్నామో చెవిలో వింటూ ఉండండి. 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ల్లో ఆడవాళ్ళకి ఉచితం, అయినా గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి, ఊరికే కూర్చోకూడదు. ఉచితం వచ్చాక బస్సుల్లో నిలబడటానికి కూడా చోటు దొరకట్లేదు అది వేరే సంగతి. మగవాళ్ళు రాయితీ పాస్ గురించి డిపోలో అడగండి.

బస్సు కుదరకపోతే యాప్ ఆటో. నంబరు ప్లేటు మనకి కనిపించదు కాబట్టి డ్రైవర్‌కి ఫోన్ చేసి "నేను తెల్లకర్రతో ఉన్నా, మీరే నా దగ్గరకి రండి, వచ్చి నా పేరు చెప్పండి" అనాలి. మీ పేరు మీరు చెప్పకండి, అతన్నే చెప్పమనండి, అప్పుడే అది మీ ఆటో.

8. గుడి లోపల

చెప్పులు రెండూ రబ్బరు బ్యాండుతో కట్టి స్టాండులో ఇవ్వండి, లేకపోతే ఒకటి మీది ఒకటి ఊరిది. కర్ర లోపలికి తేవద్దు అనేవాళ్ళు ఉంటారు, చెప్పుల్లాగే నేల మీద తిరిగింది కదా అని. వాదించొచ్చు, నేను వాదించను. కొస నీళ్ళతో కడిగి గుడ్డతో తుడిచి, "ఇది నా కళ్ళు బాబూ" అంటే సగం మంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే మడిచి సంచిలో పెట్టుకుని సిబ్బందిలో ఒకరి మోచేయి అడగండి. కొబ్బరినీళ్ళు, పాలు పడి నేల జారుతుంది, పాదం ఎత్తకుండా జరుపుతూ నడవండి. క్యూలో ముందువాళ్ళ భుజానికి చెయ్యి ఆనిస్తా అని ముందే చెప్పి ఆనించండి, చెప్పకుండా వేస్తే గొడవ.

సింహాచలం వెళ్ళేవాళ్ళు కప్పస్తంభం వదలొద్దు. జనం కౌగిలించుకుని మొక్కుకునే స్తంభం అది, మనలాంటివాళ్ళ కోసమే పెట్టారా అనిపిస్తుంది నాకు, రెండు చేతులకీ సరిపడా దేవుడు. కొండ మెట్లు వద్దనుకుంటే పైదాకా బస్సు ఉంది.

"కనబడనిదానివి దర్శనానికి ఎందుకొచ్చావు" అని ఒక పెద్దాయన క్యూలోనే అన్నారు నన్ను. అలాంటప్పుడు ఏం జవాబు చెప్పాలి అని చాలామంది అడుగుతారు. నేనైతే "ఆయనకి నేను కనబడతా కదండీ" అన్నా, అందరికీ ఆ పూట ఓపిక ఉండదు, ఏమీ అనకుండా ముందుకి నడిచినా తప్పులేదు.

ఇంట్లో పూజ గురించి కూడా అడుగుతున్నారు. స్తోత్రాలు ఫోన్‌తో చదివించి నేర్చుకోవద్దు, ఆ గొంతు సంస్కృతం సమాసాలని ఎక్కడపడితే అక్కడ విరిచేస్తుంది, తప్పే నోటికొస్తుంది. ఇంట్లో పెద్దావిడ చేత నెమ్మదిగా చదివించి రికార్డ్ చేసుకోండి, మా అమ్మ గొంతులో లలితా సహస్రనామం నా దగ్గర అలాగే ఉంది, మధ్యలో కుక్కర్ విజిల్‌తో సహా. బైబిల్, ఖురాన్ అయితే మనుషులే చదివిన ఆడియో యాప్‌లు ఉన్నాయి. దీపం వెలిగించేటప్పుడు కుందిని నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టి, పొడవాటి గ్యాస్ లైటర్‌తో వెలిగించండి, చున్నీ నడుముకి చుట్టేసుకోండి. వెలిగిందో లేదో వేలు పెట్టి చూడొద్దు, పైన జానెడు ఎత్తులో అరచెయ్యి పెడితే వేడి తెలుస్తుంది.

9. ఆఫీసు

గుడికి నాలుగు వారాలు తప్పకుండా వెళ్ళొచ్చాక ఆఫీసు దారి మొదలెట్టండి. చెయ్యడం అదే పద్ధతి, కాబట్టి దారి గురించి మళ్ళీ చెప్పను. లోపలి సంగతులు చెప్తా.

అన్నిటికన్నా ముందు, రాజీనామా రాయకండి. చూపు తగ్గిన కొత్తలో మా పైఆఫీసర్ ఒకాయన చాలా ప్రేమగా "ఎందుకమ్మా కష్టపడతావు, వాలంటరీ పెట్టేసి ఇంటిదగ్గర ఉండు" అన్నారు, నేను కాగితం టైప్ చేయించేశా కూడా. యూనియన్‌లో ఒకాయన ఆపారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20 ప్రకారం ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పని చెయ్యలేకపోతే అదే జీతం స్కేలుతో వేరే పోస్టు ఇవ్వాలి, అదీ లేకపోతే సరిపడే పోస్టు దొరికేదాకా అదనపు పోస్టు చూపించి ఉంచాలి. ప్రేమగా చెప్పినా కోపంగా చెప్పినా సంతకం పెట్టకండి. మీకు కావలసినవి కాగితం మీద రాసి ఇవ్వండి, ఇన్‌వార్డ్ నంబరు తీసుకోండి, నోటిమాటగా అడిగితే ఎవరికీ గుర్తుండదు.

కంప్యూటర్‌కి ఎన్‌వీడీఏ పెట్టుకోండి, స్క్రీన్ మీద ఉన్నది పైకి చదివే సాఫ్ట్‌వేర్, అంటే స్క్రీన్ రీడర్. పూర్తిగా ఉచితం, 2006లో ఆస్ట్రేలియాలో ఒక చూపులేని కుర్రాడు మొదలుపెట్టింది. కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కితే మొదలవుద్ది, కంట్రోల్ ఒక్కటి నొక్కితే నోరు మూస్తుంది, ఇది ముందు నేర్చుకోండి. వెబ్ పేజీలో హెచ్ నొక్కితే హెడ్డింగులు, కె నొక్కితే లింకులు, బి నొక్కితే బటన్లు, ఇ నొక్కితే టైప్ చేసే గడులు. మౌస్ తీసి సొరుగులో పడేయండి.

తెలుగు ఆఫీసుల్లో అసలు సమస్య వేరే ఉంది. పాత తెలుగు ఫైళ్ళు అను ఫాంట్లలో కొట్టి ఉంటాయి, అవి చూడ్డానికే తెలుగు, లోపల ఇంగ్లీషు అక్షరాలు, స్క్రీన్ రీడర్ వాటిని చదివితే దయ్యం పట్టినట్టు ఉంటుంది. మొదటిసారి విని నా కంప్యూటర్ పాడైంది అనుకున్నా. యూనికోడ్‌లో పంపమని అడగండి, పంపరు, అప్పుడు ప్రింట్ తీసి ఫోన్‌లో గూగుల్ లెన్స్‌తో చదివించుకోండి, అచ్చు తెలుగు బాగానే పట్టుకుంటుంది, చేతిరాత పట్టుకోదు. స్కాన్ చేసిన ఇంగ్లీషు లెటర్ వస్తే ఇన్సర్ట్, ఆర్ కలిపి నొక్కండి, అందులో ఉన్నది చదివి పెడుతుంది. అంకెలు మాత్రం ఎప్పుడూ ఇంకొకరితో ఒకసారి సరిచూయించుకోండి, 3ని 8 అని చదివిన రోజులున్నాయి.

డబ్బు. కొత్త నోట్లన్నీ విలువ పెరిగేకొద్దీ పొడవు పెరుగుతాయి: 10 నోటు 123 మిల్లీమీటర్లు, 20 అయితే 129, 50 అయితే 135, 100 అయితే 142, 200 అయితే 146, 500 అయితే 150. 100కీ 200కీ తేడా 4 మిల్లీమీటర్లే, అందుకే వేళ్ళతో కాదు, తెలిసిన నోటు ఒకటి పక్కన పెట్టి కొలవాలి. ఉచ్చు ఏంటంటే పాత 100 నోటు 157 మిల్లీమీటర్లు, కొత్త 500 కన్నా పొడుగు, ఒకసారి ఆటోవాడికి అలా 500 అనుకుని ఇవ్వబోయా, పాపం అతనే నవ్వి చెప్పాడు. కొత్త నోటు అంచున గీతలు తడిమితే 100కి నాలుగు, 500కి అయిదు, నలిగిన నోటుకి ఏమీ తెలియదు. రిజర్వ్ బ్యాంక్ వాళ్ళ మణి యాప్ నెట్ లేకుండానే విలువ చెప్తుంది, దొంగనోటా కాదా మాత్రం చెప్పదు. ఇంటి దగ్గరే 500లు నాలుగు మడతలు, 200లు రెండు మడతలు, 100లు మడవకుండా పెట్టుకుంటే బజారులో తడుముకోనక్కర్లేదు. 20 రూపాయల బిళ్ళకి పన్నెండు పక్కలు ఉంటాయి, అది ఒక్కటే సుఖం.

ఉద్యోగం ఇంకా రానివాళ్ళు బ్యాంకు పరీక్షలు చూడండి, మనవాళ్ళు ఎక్కువమంది అక్కడే ఉన్నారు. జడ్జి ఉద్యోగాలకి కూడా చూపు లేదని పక్కన పెట్టకూడదు అని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది, లా చదివే పిల్లలు గుర్తుపెట్టుకోండి.

10. పెళ్ళిళ్ళు, నలుగురిలో ఉండటం

నిజం చెప్పాలంటే రోడ్డు కన్నా ఇదే కష్టం. చూపు తగ్గాక అయిదేళ్ళు ఒక్క పెళ్ళికి వెళ్ళలేదు నేను, "దానికి బాగోదు పాపం" అని పిలవడం మానేశారు, నేనూ హమ్మయ్య అనుకున్నా.

భోజనం దగ్గర భయం తీరితే సగం తీరినట్టే. విస్తరిని గడియారం అనుకోండి. మీ వైపు 6, అవతల 12. పక్కన కూర్చున్న వదినని "ఏది ఎన్ని గంటల దగ్గరుందో చెప్పు" అనండి. "పప్పు తొమ్మిదికి, వంకాయ పదకొండుకి, పచ్చడి పన్నెండుకి, పులిహోర రెండుకి." ఒకసారి చెప్తే చాలు, మిగతాది చెయ్యే చూసుకుంటుంది. బఫే అయితే పళ్ళెం పట్టుకుని తిరగకండి, కూర్చుని తెప్పించుకోండి, అది నామోషీ కాదు, ముసలాళ్ళంతా అదే చేస్తున్నారు. సాంబారు వడ్డించేటప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకోండి, ఇది మాత్రం కాలాక నేర్చుకున్నా.

"నేనెవరో చెప్పుకో చూద్దాం" అని వెనకనుంచి గొంతు మార్చి అడిగే బావలు ప్రతి కుటుంబంలో ఉంటారు. ఆడొద్దు ఆ ఆట. "పేరు చెప్పి మాట్లాడండి బావా, వెళ్ళేటప్పుడు వెళ్తున్నా అని చెప్పండి" అని నవ్వుతూనే చెప్పండి. రెండోది ఎందుకంటే నేను ఒక ఖాళీ కుర్చీకి పది నిమిషాలు మా పాప చదువు గురించి చెప్పా ఒకసారి.

ఇంకో సలహా, ఏదో ఒక పని నెత్తిన వేసుకోండి. మా అపార్ట్‌మెంట్‌లో వినాయకచవితి చందాల ఫోన్లన్నీ నేనే చేస్తా, ఎవరెంత ఇచ్చారో లెక్క నా ఫోన్‌లోనే ఉంటుంది. ముందు "నీకెందుకమ్మా శ్రమ" అన్నారు, ఇప్పుడు నేను ఊరెళ్తే నిమజ్జనం డేట్ నన్నే అడుగుతున్నారు. కుర్చీలో కూర్చోబెట్టి ప్రసాదం తెచ్చిచ్చే మనిషిగా ఒకసారి స్థిరపడిపోతే అందులోంచి లేవడం చాలా కష్టం.

దారి తప్పితే

తప్పుతారు. నేను మొన్న కూడా తప్పా. తప్పినట్టు అనిపించగానే ఆగండి, ఇంకో పది అడుగులు వేస్తే తెలుస్తుందిలే అనుకుని నడవడమే అందరూ చేసే పెద్ద తప్పు. గోడకో షట్టరుకో వీపు ఆనించి నిలబడండి, కర్ర నిటారుగా ముందు పెట్టుకోండి. ఫోన్‌లో లొకేషన్ వినండి. తరవాత అడగండి, "ఇది ఏ వీధి" అని కాదు, "నా కుడి పక్క ఏ షాపుంది" అని. వీధి పేరు సగం మందికి తెలియదు, తెలిసినవాళ్ళు పాత పేరు చెప్తారు, షాపు మాత్రం అందరికీ కనిపిస్తుంది. "అటు" "ఇటు" అని చేత్తో చూపిస్తే "నా ఎడమా కుడా" అని మళ్ళీ అడగండి, మొహమాటపడి సరే అనేసి కదలొద్దు.

వానొస్తే ఏం చెయ్యాలి అని అడిగినవాళ్ళకి: వానలో కర్ర చప్పుడు వినబడదు, నీళ్ళ కింద గుంత తెలియదు, బండ్లన్నీ ఒకేలా వినిపిస్తాయి, గొడుగు ఒక చెయ్యి తినేస్తుంది. నేను ఆ రోజు ఆటోలో వెళ్తా. ఆటో దొరక్కపోతే సెలవు పెడతా.